వ్రాయని పరీక్షకు వచ్చిన సున్న

మన పాఠశాల వార్షిక సంచికకు వ్యాసమొకటి పంపుమని ప్రధానోపాధ్యాయులవారు జాబు వ్రాసినప్పుడు, ఏమి వ్రాయుదునా యని కొన్ని దినములు ఆలోచించితిని. ఇదివఱకటి సంచికలలో పూర్వవిద్యార్థులు కొందఱు తమ యాత్రలను గుఱించియు, కొందఱు తమ గురువులను గుఱించియు వ్రాసియున్నారు. నేను దూరదేశములు చూచినవాడను కాను. పద్యము నాకు ఎన్నడును లొంగలేదు. నా బ్రదుకుతెఱువు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుట. కావున ఆ పనిలో నేను చేసిన యొక తప్పును, దానిని దిద్దబోయి చేసిన మఱి రెండు తప్పులను ఇచ్చట చెప్పుటకు నిశ్చయించుకొంటిని. మార్కుల పట్టీకై యెదురుచూచిన ప్రతి విద్యార్థికిని, ఆ విద్యార్థి తలిదండ్రులకును ఇందులో కొంత సంబంధమున్నది.

మొదట మన పాఠశాలలోని రిజిస్టరు సంగతి చెప్పవలెను. మాకు గణితము చెప్పిన పంతులుగారు మార్కుల రిజిస్టరును ఎవరి చేతికిని ఇచ్చెడివారు కారు, తామే నింపెడివారు. సున్న వచ్చినవాని పేరున గుండ్రముగా సున్న చుట్టెడివారు. పరీక్షకు రానివాని పేరున ఎఱ్ఱసిరాతో అడ్డగీత గీసెడివారు. ఒకనాడు నేను పుస్తకములు మోసికొని వారి వెంట నడచుచు, "పరీక్షకు రానివానికిని సున్నయే గదండీ, వేఱు గుఱుతెందులకు?" అని అడిగితిని. వారు నడక ఆపకయే, "వాడు తప్పు వ్రాయలేదురా, అసలు వ్రాయనే లేదు" అనిరి. నాకప్పుడు పదుమూడేండ్లు. ఆ మాట నాకు బోధపడినదనియే అనుకొంటిని.

2011వ సంవత్సరమున నేను హైదరాబాదులో ఉద్యోగము చేయుచుంటిని. విద్యార్థులకు పరీక్షలు నడపు ఒక సంస్థవారు తమ ఫలితములను ప్రతి పర్యాయము మఱొక కార్యాలయమునకు కంప్యూటరు ద్వారా పంపవలసియుండెను. ఆ కార్యాలయమువారు ఫలితములను ఎక్స్.ఎం.ఎల్. రూపములోనే అంగీకరింతురు. సంస్థవారి పాత పట్టికలలోని మార్కులను తీసి ఆ రూపములో దస్త్రముగా వ్రాయు ప్రోగ్రామును సిద్ధము చేయు పని నాకు అప్పగింపబడెను. మూడు వారముల గడువు. నేను పది దినములలో ముగించి, మిగిలిన దినములలో నన్ను నేనే మెచ్చుకొనుచుంటిని.

ఎక్స్.ఎం.ఎల్. అననేమో యెఱుగని చదువరులకు కొంచెము చెప్పెదను. ఒక కంప్యూటరులోని సంగతులను మఱొక కంప్యూటరునకు తెలుపవలెనన్నచో ఇరువురకును అర్థమగు వ్రాతపద్ధతి యొకటి కావలెను. 1969లో ఐ.బి.ఎం. సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ యను మువ్వురు జి.ఎం.ఎల్. అను గుఱుతుల పద్ధతిని కల్పించిరి. ఆ మువ్వురి ఇంటిపేర్ల మొదటి అక్షరములే ఆ పేరులో నున్నవి. దానినుండి పెరిగిన ఎస్.జి.ఎం.ఎల్. 1986లో అంతర్జాతీయ ప్రమాణమయ్యెను. అది మిక్కిలి బరువైనదగుటచేత, దానిని కుదించి తేలికపఱచి, 1998 ఫిబ్రవరి 10వ తేదీన వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియమువారు ఎక్స్.ఎం.ఎల్. అను పేరుతో ప్రకటించిరి. ప్రతి సంగతికి ముందొక గుఱుతును, వెనుకనొక గుఱుతును వ్రాసి, నడుమ ఆ సంగతిని ఉంచుటయే దీని మూలసూత్రము. ఈ గుఱుతుల పేర్లు ఇంగ్లీషులోనే యుండవలెనను నియమము లేదు. తెలుగు అక్షరములతోను వ్రాయవచ్చును. ఇట్లు:

<విద్యార్థి సంఖ్య="27">
  <పేరు>సుగుణ</పేరు>
  <మార్కులు>64</మార్కులు>
</విద్యార్థి>

ఇందు పేరును మార్కులును విద్యార్థి యను గుఱుతు లోపల ఎలిమెంట్లుగా నున్నవి. సంఖ్య మాత్రము తెఱపు గుఱుతులోనే ఇముడ్చబడినది. దానిని ఆట్రిబ్యూటు అందురు.

ఇక ప్రోగ్రాము లోపలి సంగతి. అచ్చట విద్యార్థి యనగా ఒక పెట్టె. అందు పేరు, వరుససంఖ్య, పుట్టినతేదీ, మార్కులు అను అఱలుండును. ఈ అఱలను ప్రాపర్టీలందురు. పెట్టెను ఏ నమూనాలో చేయవలెనో తెలుపు వ్రాతకు క్లాసు అని పేరు. ఇది మీరు బల్లలమీద కూర్చుండు క్లాసు కాదు. పెట్టెలోని అఱలను ఎక్స్.ఎం.ఎల్. గుఱుతులుగా మార్చు సాధనము మైక్రోసాఫ్టువారు 2002లో విడుదల చేసిన డాట్ నెట్ పరికరసముదాయముననే కలదు. దాని పేరు ఎక్స్.ఎం.ఎల్. సీరియలైజరు. పలుమాఱు ఈ పొడుగుపేరు వ్రాయుట కష్టము గనుక దానిని వ్రాయసకాడు అని పిలిచెదను. పూర్వము దివాణములలో యజమానుడు చెప్పుచుండగా వ్రాయసకాండ్రు జాబులు వ్రాసిపెట్టెడివారు గదా, ఇతడును అట్టివాడే.

మనమేమియు చెప్పకున్నను ఈ వ్రాయసకాడు పని చేయును. పెట్టెపేరును వెలుపలి గుఱుతుగాను, ఒక్కొక్క అఱపేరును లోపలి గుఱుతుగాను వ్రాసి, అఱలోని విలువను నడుమ నుంచును. వెలుపలివారు చదువుటకును మార్చుటకును అనుమతిగల అఱలను మాత్రమే వ్రాయును. మనము దాచుకొన్న అఱల జోలికి పోడు. అఱలో జాబితా యున్నచో, జాబితాకు ఒక గుఱుతు, అందలి ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క గుఱుతు వేయును. చెప్పకయే ఇంత చేయువానిని చూచి నాకు గొప్ప నమ్మకము కలిగినది. నా తప్పునకు మూలము ఈ నమ్మకమే.

అయితే ఎదుటి కార్యాలయమువారు మన అఱల పేర్లను అడుగరు. వారికి వారి పేర్లే కావలెను. నేను లోపల ఒక పేరు పెట్టుకొందును, వారు వెలుపల మఱొక పేరు కోరుదురు. అప్పుడు అఱమీద చదరపు కుండలీకరణములలో ఒక చీటి అంటించవలెను. ఈ అఱను వ్రాయునప్పుడు ఫలానా పేరుతో వ్రాయుమని ఒక చీటి చెప్పును. దీనిని ఎలిమెంటుగా గాక ఆట్రిబ్యూటుగా వ్రాయుమని మఱొకటి చెప్పును. ఈ అఱను అసలే వ్రాయవలదని ఇంకొకటి చెప్పును. మనము లోపల లెక్కల కొఱకు ఉంచుకొన్న వస్తువులకు అది మిక్కిలి అవసరము. జాబితా గుఱుతునకు ఒక చీటి, జాబితాలోని వస్తువు గుఱుతునకు ఒక చీటి వేఱువేఱుగా నున్నవి. ఎలిమెంట్లు ఏ వరుసలో రావలెనో చెప్పుటకు చీటిమీదనే వరుససంఖ్య వ్రాయవచ్చును. కాని ఒక అఱకు వరుస చెప్పినచో ఆ పెట్టెలోని తక్కిన ఎలిమెంట్లన్నిటికిని చెప్పితీరవలెను, లేనిచో వ్రాయసకాడు పని మానుకొనును. విచిత్రమేమనగా సి షార్పు భాషలో ఈ చీటీల పేరు కూడ ఆట్రిబ్యూట్లే. ఎక్స్.ఎం.ఎల్.లోని ఆట్రిబ్యూటు వేఱు, ఈ ఆట్రిబ్యూటు వేఱు. క్రొత్తగా చేరిన కుఱ్ఱవాండ్రకు దీనిని బోధించునప్పుడు అరగంట యూరక పోవును.

ఈ చీటీలవలన వచ్చు పెద్ద ప్రయోజనమును నేను ఆలస్యముగా తెలిసికొంటిని. చీటి లేనప్పుడు అఱపేరే వెలుపలి పేరు. అందముకొఱకు ఎవడైన అఱపేరును మార్చినచో దస్త్రములోని గుఱుతు కూడ మాఱిపోవును. పాత దస్త్రమును తిరిగి చదువునప్పుడు ఇంకను వింత జరుగును. వ్రాయసకాడు తానెఱుగని గుఱుతు కనబడినచో, మనము ముందుగా కోరియుంటేనే తప్ప, మాటాడక దాటిపోవును. దస్త్రములో 64 మార్కులున్నను పాత పేరుతో నున్నందున వానిని వదలివేయును. క్రొత్త పేరుగల అఱలో సున్న మిగిలియుండును. తప్పు జరిగినదని ఎవరును చెప్పరు. చీటిమీద వెలుపలి పేరును వ్రాసియుంచినచో లోపల ఎన్ని పేర్లు మార్చినను భయములేదు.

పుట్టినతేదీని గుఱించియు ఒక మాట. డాట్ నెట్‌లో తేదీ యను అఱలో గంటలు, నిమిషములు కూడ ఇమిడియుండును. ఏ చీటియు అంటింపనిచో వ్రాయసకాడు తేదీతోపాటు అర్ధరాత్రి సమయమును, కొన్ని సందర్భములలో మన కాలమానమునకును గ్రీనిచ్ కాలమానమునకును గల అయిదున్నర గంటల భేదమును గూడ వ్రాయును. జులై 1వ తేదీ అర్ధరాత్రి యని మనము పంపినదానిని చేరినచోట గ్రీనిచ్ కాలమునకు మార్చుకొన్నచో అది జూను 30వ తేదీ సాయంకాలము ఆఱున్నర గంటలగును. పిల్లవాడు ఒక దినము ముందుగా పుట్టినట్లు లెక్క. వయస్సు హద్దు జులై 1వ తేదీతో ముడిపడిన చోట్ల ఆ యొక్క దినమే వాని చదువును చెఱపవచ్చును. ఇందులకు 'తేదీ మాత్రమే' అని చెప్పు చీటి కలదు. అదృష్టవశమున దీనిని నేను ముందే యెఱిగి అంటించితిని. మార్కుల విషయమున అట్లు చేయలేదు.

సంస్థవారి పట్టికలో పరీక్షకు రానివారి మార్కుల గడి ఖాళీగా నుండెను. నా క్లాసులో మార్కుల అఱ పూర్ణసంఖ్యకొఱకు ఏర్పడినది. సి షార్పు భాషలో పూర్ణసంఖ్య అఱ ఖాళీగా నుండజాలదు. మనమేమియు వేయనిచో అందు సున్న యుండును. గడి ఖాళీగా నున్నచో దాటిపొమ్మని నేనే వ్రాసితిని. నేను దాటిపోయితిని; అఱలో సున్న నిలిచిపోయెను; వ్రాయసకాడు ఆ సున్నను చక్కగా మార్కులను గుఱుతుల నడుమ వ్రాసిపెట్టెను. దస్త్రము ఎదుటి కార్యాలయమునకు చేరెను. వారి పరిశీలనలో ఒక్క దోషమును కనబడలేదు. ఆ పర్యాయము పరీక్షకు రానివారు పదునొకండుగురు. పదునొకండుగురికిని సున్న.

ఆ సంస్థ నియమములలో ఒకటి యిట్లుండెను. రోగముచేత పరీక్షకు రాలేనివారు వైద్యుని పత్రము చూపి రెండు నెలలలో తిరిగి వ్రాయవచ్చును. వ్రాసి తప్పినవారు మఱుసటి సంవత్సరమువఱకు ఆగవలెను.

ఫలితములు గోడకు అంటించిన మూడవనాడు నేను సంస్థ కార్యాలయములోనే ఒక మూల కూర్చుండి వేఱు పని చూచుకొనుచుంటిని. నడివయస్సు దాటిన యొకాయన కాగితముల సంచితో వచ్చి గుమాస్తాగారి యెదుట నిలిచెను. చెప్పులు గుమ్మము వెలుపలనే విడిచి వచ్చెను. సంచిలోనుండి ఆసుపత్రి కాగితము తీసి బల్లమీద పఱచి, "అయ్యా, మా పిల్ల పరీక్షనాడు మంచముమీద నున్నది. జ్వరము దిగనే లేదు. వ్రాయని పరీక్షకు సున్న యెవరు వేసిరయ్యా?" అని అడిగెను. గుమాస్తాగారు పట్టీని చూచి, హాజరు పుస్తకమును చూచి, తల గోకికొని, "కంప్యూటరు వేసినదండీ" అనిరి. ఆయన కంప్యూటరు వైపు చూచెను. దాని వెనుక నేనుంటిని.

"కంప్యూటరు కాదండీ, నేను వేసితిని" అని చెప్పుటకు నాకు కొంతసేపు పట్టినది. ఆయన నన్ను కోపించలేదు. "అయితే తమరే తీసివేయవచ్చును గదా బాబూ" అనెను. మఱుసటి సంవత్సరము దాక ఆగినచో తన కుమార్తె చదువు మానిపించి పెండ్లి చేయుమని ఇంటిలో పెద్దలు పట్టుపట్టుచున్నారనియు, పిల్ల రెండు దినములుగా అన్నము సరిగా తినుటలేదనియు నెమ్మదిగా చెప్పెను. ఆ సాయంకాలములోగా సరిచేసెదనని నేను మాట ఇచ్చితిని.

సాయంకాలములోగా సరిచేయుటయే రెండవ తప్పు. వ్రాయసకానికి చెప్పదగిన చీటీలలో 'అలవాటు విలువ' యను చీటి యొకటి కలదు. అఱలో ఫలానా విలువ యున్నచో దానిని వ్రాయనక్కఱలేదని దాని భావము. మార్కుల అఱమీద ఆ చీటి అంటించి, అలవాటు విలువ సున్న యని వ్రాసితిని. ఒక్క పంక్తి పని. దస్త్రము తెఱచి చూడగా ఆ బాలిక పేరుక్రింద మార్కుల గుఱుతే లేదు. సంతోషించి పంపివైచితిని.

మఱునాడు గుమాస్తాగారు నన్ను పిలిపించిరి. ఆయనకు ఉద్యోగవిరమణకు రెండేండ్లే మిగిలియుండెను. కంప్యూటరుమీద నమ్మకము లేక ప్రతి పట్టీని కాగితముమీద పెన్సిలుతో లెక్కించుట ఆయన అలవాటు. "రానివారు పదునొకండుగురు. మీ పట్టీలో పదుముగ్గురున్నారు. ఆ ఇద్దఱెవరు?" అని అడిగిరి. చూడగా ఆ ఇద్దఱును పరీక్షకు వచ్చి, సంతకములు చేసి, మూడు గంటలు కూర్చుండి, నిజముగా సున్న తెచ్చుకొన్నవారు. నా చీటి రానివారి సున్నను చెఱపుచు వచ్చినవారి సున్నను గూడ చెఱపివేసినది. వారిద్దఱికి లాభమే గదాయని యెవరైన అనవచ్చును. కాని వారు కూర్చుండి వ్రాసిన మూడు గంటలను నేను లేకుండ చేసితిని. మొదటినాడు లేని సంగతిని ఉన్నట్లు వ్రాసితిని. రెండవనాడు ఉన్న సంగతిని లేనట్లు వ్రాసితిని.

మూడవ ప్రయత్నమున కొంచెము ఆలోచించితిని. అఱలోనే ఖాళీకిని సున్నకును భేదము లేనప్పుడు చీటీలు ఎన్ని అంటించినను ఏమి లాభము? ముందు అఱను మార్చవలెను. సి షార్పులో సంఖ్య రకము ప్రక్కన ప్రశ్నార్థకచిహ్నము చేర్చినచో ఆ అఱ ఖాళీగా నుండుటకు అనుమతి వచ్చును. ఇది 2005లో ఆ భాషలో చేరిన సదుపాయము. అట్లే చేసితిని. ఇప్పుడు వచ్చిన ఇద్దఱికి సున్న వచ్చినది. రాని పదునొకండుగురకు మార్కుల గుఱుతు నడుమ ఏమియు లేక, 'నిల్' అను ఆట్రిబ్యూటుతో 'ఇందు విలువ లేదు' అను సూచన వచ్చినది. ఇంతకంటె స్పష్టమైనది ఏముండునని తలచి పంపితిని. అరగంటలో దస్త్రమంతయు తిరిగి వచ్చినది. పదునొకండుగురివే కాదు, అందఱి ఫలితములును తిరస్కరింపబడెను.

అప్పుడు, మొదటిదినమే చదువవలసిన కాగితములను తీసి చదివితిని. ఎదుటి కార్యాలయమువారు తమ దస్త్రము ఎట్లుండవలెనో తెలుపు స్కీమా యను నియమావళిని మాకు పంపియుండిరి. నేను అందులోని పేర్లు మాత్రము చూచి చీటీలు వ్రాసికొని దానిని మూసివైచితిని. మార్కుల ఎలిమెంటు ఎన్నిమాఱులు రావచ్చునను చోట, తక్కువపక్షము సున్న మాఱులు, ఎక్కువపక్షము ఒక్కమాఱు అని వ్రాయబడియుండెను. విలువలేని ఎలిమెంటును ఉంచుటకు మాత్రము అనుమతి ఎచ్చటను లేదు. అనగా, వ్రాసినవానికి మార్కుల గుఱుతు ఉండవలెను, సున్నయైనను సరే. వ్రాయనివానికి ఆ గుఱుతే ఉండరాదు. మా పంతులుగారి అడ్డగీతకు వారు కోరిన రూపము గుఱుతు లేకపోవుట. వారి నియమావళిలో ఏ లోపమును లేదు. అది నా బల్లమీదనే మూడు వారములు పడియుండెను.

దీనికి తగిన యుపాయము వ్రాయసకానివద్దనే కలదు. మార్కులు అను అఱ ప్రక్కన, అదే పేరునకు చివర 'స్పెసిఫైడ్' అను మాట చేర్చి, అవును-కాదు అను రెండు విలువలు మాత్రమే పట్టు మఱొక చిన్న అఱ చేయవలెను. ఈ చిన్న అఱలో అవును అని యున్నచో వ్రాయసకాడు మార్కులను వ్రాయును, సున్నయైనను వ్రాయును. కాదు అని యున్నచో ఆ గుఱుతునే విడిచిపెట్టును. తిరిగి చదువునప్పుడు గుఱుతు కనబడినచో తానే ఆ చిన్న అఱలో అవును అని యుంచును. ఈ చిన్న అఱ వెలుపలికి పోరాదు గనుక దానిమీద 'వ్రాయవలదు' అను చీటి అంటించవలెను. ఇదే పనికి మఱొక దారియు నున్నది: ప్రశ్నార్థకము గల అఱను అట్లే యుంచి, 'ఇది వ్రాయదగునా' యను ప్రశ్నకు జవాబిచ్చు చిన్న ఫంక్షనును 'షుడ్ సీరియలైజ్' అను మాటతో మొదలగు పేరుతో వ్రాసినచో వ్రాయసకాడు ముందుగా దానిని అడిగి, తరువాత వ్రాయును. నేను ఆనాడు మొదటి దారి పట్టితిని. ఇప్పుడైనచో రెండవదానిని ఎంచుకొందును. ఖాళీ యను సంగతి ఒకే అఱలో నుండును, రెండు అఱలు ఒకదానితో నొకటి తగవులాడు ప్రమాదము తక్కువ.

జావా భాషలో పని చేయు నా మిత్రుడొకడు ఈ కథ విని నవ్వి, తమ యింట ఇట్టి బాధ లేదనెను. అచ్చటి సాధనము పేరు జాక్స్‌బీ. అది 2006లో జావా 6వ సంచికతో కలిసియే వచ్చుచుండెను, 2018లో వచ్చిన 11వ సంచికనుండి తొలగింపబడి వేఱుగా తెచ్చుకొనవలసినదైనది. అందు సంఖ్యను వస్తురూపమున, అనగా ఇంటీజరుగా, ఉంచి ఖాళీగా విడిచినచో గుఱుతే రాదు. కోరినచో నిల్ వచ్చును. అది నిజమే. కాని అదే భాషలో సాదా పూర్ణసంఖ్య అఱను వాడినచో అచ్చటను సున్నయే వచ్చును. ఈ మాట చెప్పగా ఆతడు తన ప్రోగ్రాములను ఒకసారి చూచుకొనవలెనని ఆ సాయంకాలము తొందరగా వెడలిపోయెను. జాక్స్‌బీలో నాకు నచ్చినది మఱొకటి కలదు. అడాప్టరు అను దుబాసిని నియమింపవచ్చును; లోపలి రూపమును వెలుపలి రూపముగా మార్చుటకు ఒక ఫంక్షను, వెలుపలిదానిని లోపలిదిగా మార్చుటకు ఒక ఫంక్షను. పోవుదారి వ్రాసినవాడు వచ్చుదారి కూడ అక్కడనే వ్రాయవలెను. డాట్ నెట్‌లోను వ్రాయసకానిని పూర్తిగా ప్రక్కకు నెట్టి, చదువుట వ్రాయుట రెండును మనమే చేసికొను మార్గమున్నది గాని, అది అక్కఱ తప్పిననాడు చేయదగినదే తప్ప నిత్యము చేయదగినది కాదు. నేను ఒకసారి అట్లు చేసి, నాలుగు పంక్తుల పనికి నలువది పంక్తులు వ్రాసి, అందు తెఱచిన గుఱుతును మూయ మఱచితిని.

నాలుగవ దస్త్రమును పంపుటకు ముందు గుమాస్తాగారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొంటిని. హాజరు పుస్తకము ఆయన చేతిలో, దస్త్రము నా యెదుట. పేరు పేరున ఆయన చదువగా నేను చూచితిని. రాని పదునొకండుగురకు గుఱుతు లేదు. వచ్చిన ఇద్దఱికి సున్న యున్నది. తక్కినవారి మార్కులు తక్కినట్లే యున్నవి. ఆ దస్త్రము అంగీకరింపబడినది.

గోడకు అంటించుటకు క్రొత్త పట్టీని అచ్చుతీయగా పదునొకండు గడులు ఖాళీగా వచ్చినవి. గుమాస్తాగారు దానిని బల్లమీద పఱచి, చొక్కాజేబులోని ఎఱ్ఱకలమును తీసి, ఒక్కొక్క ఖాళీగడిలోను అడ్డగీత గీయసాగిరి. ఎందులకండీ యని అడిగితిని. "ఖాళీగా వదలినచో ఎవడో ఒకడు నింపును" అనిరి.

ఆ బాలిక ఆ గడువులోనే తిరిగి పరీక్ష వ్రాసినది. ఆ ఫలితముల దస్త్రమును నా ప్రోగ్రామే పంపినది. నేనప్పటికి వేఱు పనిమీద విజయవాడలో నుంటిని. ఆమెకు ఎన్ని మార్కులు వచ్చినవో నేను అడుగలేదు. ఈ మాఱు ఆ గడిలో ఒక సంఖ్య యున్నదని మాత్రము గుమాస్తాగారు టెలిఫోనులో చెప్పిరి.